మాట నిలబెట్టుకున్న గవర్నరు

ఈ ఏడు బి.ఏ. విద్యార్థులకు శకుంతలోపాఖ్యానం చెపుతున్నాను. భర్త తనని ఎరగనన్నప్పుడు శకుంతల నిండుసభలో సత్యవాక్యం గొప్పతనం చెపుతుందే, ఆ ఘట్టం దగ్గర వెనకబెంచీ కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, రాజైనా మంత్రైనా ఇచ్చిన మాట నిలబెట్టుకుంటే చాలు కదండీ! అంతకన్న మనకేం కావాలండీ?" అన్నాడు. తరగతి తరగతంతా బల్లలు చరిచింది. ఎన్నికల వాగ్దానాలు విని విని విసిగిపోయిన కుర్రకారు. వాళ్ల చప్పుడులో న్యాయం లేకపోలేదు. గంట కొట్టేదాకా ఏదో చెప్పి నెట్టుకొచ్చాను గాని ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మాట నిలబెట్టుకున్న పాలకుడు నిజంగానే దొరికితే అతని లెక్క ఎలా చూడాలి? నేను చదివిన చరిత్రలో ఇందుకు సరిపడే మనిషి ఒకడున్నాడు. మన దేశంవాడు కాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒకటైన లూసియానాకు 1928 నుంచి 1932 దాకా గవర్నరుగా ఉన్న హ్యూయీ లాంగ్.

ముందుగా ఒక్క మాట. మన దేశంలో గవర్నరంటే రాష్ట్రపతి నియమించినవాడు. వోట్లడగడు గనక వాగ్దానాలు చెయ్యవలసిన అగత్యమూ అతనికి లేదు. అమెరికాలో అలా కాదు. అక్కడ గవర్నరు నేరుగా ప్రజల వోటుతో వస్తాడు. రాష్ట్రంలో అధికార యంత్రాంగమంతా అతని చేతికింద ఉంటుంది. మన ముఖ్యమంత్రిని తలుచుకుంటే పాఠకులకు పోలిక సులువుగా తెలుస్తుంది.

లాంగ్ 1893లో లూసియానా ఉత్తర భాగంలో విన్ పారిష్ అనే చోట పుట్టాడు. ఆ రాష్ట్రంలో జిల్లాను పారిష్ అంటారు. ఎర్రమన్ను, దేవదారు చెట్లు, చిన్న కమతాలు గల బీదజిల్లా. పందొమ్మిదో శతాబ్దం చివర రైతుల పాపులిస్టు ఉద్యమానికి అది ఆటపట్టు. 1912లో సోషలిస్టు అభ్యర్థి యూజీన్ డెబ్స్‌కు కూడా అక్కడ చెప్పుకోదగ్గన్ని వోట్లు పడ్డాయి. పెద్దసంసారంలో పుట్టిన ఈ కుర్రవాడు చదువు మధ్యలో మానేసి, వంటకొవ్వు డబ్బాలూ మందులూ ఊరూరా తిరిగి అమ్మాడు. పల్లెటూరి వంటింటి గుమ్మం ముందు నిలబడి ఆ ఇల్లాలిని ఎలా మెప్పించాలో అప్పుడు నేర్చుకున్నవిద్య. చచ్చిపోయేదాకా అదే ఆయన పెట్టుబడి. తర్వాత లా చదివి 1915లో ప్లీడరయ్యాడు. పాతికేళ్లకే రాష్ట్ర రైల్వే కమిషనుకు ఎన్నికయ్యాడు. అక్కడుండగా టెలిఫోను కంపెనీ పెంచిన రేట్లమీద వ్యాజ్యం వేసి, సుమారు 80,000 మంది ఖాతాదార్లకు 4,40,000 డాలర్లు వెనక్కి ఇప్పించాడు. గవర్నరు కాకముందే మాట దక్కించుకున్న పేరు అలా వచ్చింది.

ఆ రోజుల లూసియానా ఎలాంటిదో చెప్పకుండా ఆయన వాగ్దానాల బరువు తెలియదు. రాష్ట్రాన్ని ఏలుతున్నది ముగ్గురు: పత్తి, చెరకు తోటల యజమానులు, న్యూ ఆర్లియన్స్ నగరంలో వోట్ల బేరం నడిపే ముఠా, బాటన్ రూజ్‌లో చమురుశుద్ధి కర్మాగారం పెట్టిన స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ. 1898లో వీరి పెద్దలే ఒక రాజ్యాంగం రాసుకున్నారు. దానికి ముందు, 1896లో, వోటర్ల జాబితాలో 1,30,334 మంది నల్లజాతివారుండేవారు. 1904 నాటికి మిగిలింది 1,342 మంది. తెల్ల బీదల్లో కూడా వోటు పన్ను కట్టలేక జాబితా కెక్కనివారు వేలకువేలు. 1927లో మిసిసిపీ నదికి మహావరద వచ్చినప్పుడు న్యూ ఆర్లియన్స్ బ్యాంకర్లు తమ నగరానికి ముంపు రాకుండా దిగువన ఉన్న కేర్నార్వన్ దగ్గర కట్టను డైనమైటుతో పేల్పించారు. రెండు పారిష్‌ల జనం ఇళ్లూ వాకిళ్లూ నీళ్లపాలయ్యాయి. నష్టపరిహారం ఇస్తామని పెద్దమనుషులు మాటిచ్చారు. ఇచ్చింది కొసరంత. మాట తప్పటమనేది ఆ రాష్ట్రంలో పాలకవర్గానికి తప్పు కాదు, మర్యాదస్తుల అలవాటు.

ఇలాంటిచోట 1924లో లాంగ్ గవర్నరు పదవికి నిలబడి మూడో స్థానంలో ఓడిపోయాడు. 1928లో మళ్లీ నిలబడ్డాడు. "ప్రతి మనిషీ రాజే, కిరీటం మాత్రం ఎవరికీ లేదు" అనేది నినాదం. సెయింట్ మార్టిన్‌విల్ అనే ఊళ్లో ఒక సిందూర వృక్షముంది. లాంగ్‌ఫెలో 1847లో రాసిన కావ్యంలోని ఎవాంజెలిన్ తన ప్రియుడి కోసం ఆ చెట్టు కిందే ఎదురు చూసిందని అక్కడి ఫ్రెంచి జనం నమ్మకం. లాంగ్ ఆ చెట్టు కింద నిలబడి ప్రసంగించాడు. ఎదురు చూసింది ఎవాంజెలిన్ ఒక్కతేనా, మీరు పిల్లల బడి కోసం ఎన్నాళ్లనుంచి చూడటం లేదు, రోడ్డు కోసం, రోగులకు ఆస్పత్రి కోసం ఎన్నాళ్లనుంచి చూడటం లేదు అని అడిగాడు. ఆమె కన్నీళ్లు ఒక్క జీవితంతో ఆగాయి, మీవి తరాలుగా పారుతున్నాయి, వాటిని తుడిచే అవకాశం నాకివ్వండి అన్నాడు. సాహిత్యం పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక ఒప్పుకోక తప్పదు: కావ్యాన్ని జనం గుండెలోకి ఇంత సూటిగా దించిన ఉపన్యాసం నేను ఎక్కువగా చూడలేదు. ఉత్తరాది ప్రొటెస్టెంటు రైతూ దక్షిణాది ఫ్రెంచి కాథలిక్కు రైతూ అంతవరకు ఎడమొహం పెడమొహం. ఆ ఎన్నికలో ఇద్దరూ ఒకే పేరుకు వోటు వేశారు. డెమొక్రాటిక్ పార్టీ లోపలి ఎన్నికే అక్కడ అసలు ఎన్నిక. అందులో లాంగ్‌కు నూటికి నలభైనాలుగు దాకా వోట్లు వచ్చాయి. తర్వాతివాడు బరిలోంచి తప్పుకున్నాడు. 1928 మేలో పదవీ స్వీకారం.

ఇక నిలబెట్టుకున్న మాటల సంగతి.

మొదటిది పాఠ్యపుస్తకాలు. బడిపిల్లలందరికీ ఉచితంగా ఇస్తానన్నాడు. పదవిలోకి వచ్చిన మొదటి సమావేశంలోనే శాసనం చేయించాడు. డబ్బు ఎక్కణ్ణించి? భూమిలోంచి తీసే చమురు, గ్యాసు, అడవిలోంచి కొట్టే కలప వీటిమీద ఉన్న పన్నును తిరగరాసి పెంచాడు. కాథలిక్కు బడుల పిల్లలకు ప్రభుత్వ ధనంతో పుస్తకాలివ్వటం రాజ్యాంగ విరుద్ధమని వ్యాజ్యం వేశారు. పుస్తకం బడికి కాదు, పిల్లవాడికి ఇస్తున్నామని ప్రభుత్వం వాదించింది. 1930లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదాన్నే సమర్థించింది. ధనవంతుల ఊరైన ష్రీవ్‌పోర్ట్ ఉన్న పారిష్‌వారు తమకు ధర్మపు పుస్తకాలు అక్కరలేదన్నారు. సరిగ్గా అప్పుడే వారికి సైనిక విమానాశ్రయం కోసం రాష్ట్రప్రభుత్వ భూమి కొంత కావలసి వచ్చింది. పుస్తకాలే అక్కరలేనంత కలిగినవారికి విమానాశ్రయం మాత్రం ఎందుకన్నాడు లాంగ్. పుస్తకాలు పుచ్చుకున్నారు, విమానాశ్రయమూ వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చిన మాట నిజం. తర్వాత్తర్వాత ఆ నవ్వు గురించే నాకు అనుమానం కలిగింది.

రెండోది రోడ్లు. ఆయన వచ్చేనాటికి రాష్ట్రంలో గట్టిరోడ్డు 331 మైళ్లు, పెద్ద వంతెనలు మూడు. వానాకాలమొస్తే రైతు బండి బురదలో కూరుకుపోవలసిందే. నాలుగేళ్లలో గట్టిరోడ్లు 2,301 మైళ్లయ్యాయి; కంకర రోడ్లు మరో 2,816 మైళ్లు; వంతెనలు 111. ఈ రోడ్లు వేసిన పద్ధతిలోనే ఆ మనిషి ఉన్నాడు. ఒక చివరనుంచి మరో చివరకు వరసగా వెయ్యలేదు. ప్రతి పారిష్‌లోనూ అయిదు మైళ్లో పది మైళ్లో ముక్కలు ముక్కలుగా వేయించాడు. నున్నటి రోడ్డుమీద కాసేపు పోయి మళ్లీ బురదలో దిగిన రైతు మిగతా రోడ్డు కోసం తానే శాసనసభ్యుడి పీక పట్టుకుంటాడని లెక్క. లెక్క తప్పలేదు. పాంచర్‌ట్రేన్ సరస్సుమీద ఒక ప్రైవేటు కంపెనీ 1928లో సుంకం వసూలు చేసే వంతెన తెరిచింది. లాంగ్ దాని పక్కన మొదట ఉచితంగా బల్లకట్లు నడిపించాడు, తర్వాత ఉచిత వంతెనలే కట్టించాడు. కంపెనీ దివాలా తీసింది. సుంకం లేకుండా వాగు దాటించటం వాగ్దానం, అది జరిగింది.

న్యూ ఆర్లియన్స్ ఇళ్లకు సహజవాయువు గొట్టాలు వచ్చాయి. బీదల ఆస్పత్రి పెరిగింది. 1931లో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి వైద్య కళాశాల వచ్చింది. రాత్రిబడుల్లో లక్షమందికి పైగా పెద్దలు అక్షరాలు దిద్దారు. వారిలో నల్లజాతివారు చాలామంది. గవర్నరు పదవి దిగిన తర్వాత కూడా రాష్ట్రం ఆయన గుప్పిట్లోనే ఉండేది. ఆ కాలంలో, 1934లో, వోటు పన్ను రద్దయింది. చిన్న ఇళ్లమీద ఆస్తిపన్ను తగ్గింది. ఇన్ని పనులను జాబితా రాసి పక్కన టిక్కులు పెట్టే మనిషెవరైనా ఆయనకు ఫస్టుక్లాసు మార్కులే వేస్తాడు. మన విద్యార్థి అడిగింది ఇదే. నేను కూడా ఈ భాగం దగ్గర మార్కులు కోసి చూపించదలచుకోలేదు. తొలిసారి పుస్తకం చేతికందిన పిల్లవాడికి ఆ పుస్తకం ఎవరి స్వార్థంకోసం వచ్చిందన్న విచారణ అక్కరలేదు. ఉదారవాద మేధావులు చాలామంది ఆయన్ని మోటువాడనీ, విదూషకుడనీ ఎగతాళి చేశారు. ఆయనకన్న సభ్యతగలవారు ముప్ఫై ఏళ్లు ఏలి మూడు వంతెనలు కట్టారన్న సంగతి వారు మర్చిపోయారు.

అసలు కథ 1929లో మొదలవుతుంది. వాగ్దానాలకు డబ్బు చాలలేదు. శుద్ధిచేసిన చమురుమీద పీపాకు అయిదు సెంట్ల పన్ను వెయ్యాలని లాంగ్ ప్రత్యేక సమావేశం పిలిచాడు. స్టాండర్డ్ ఆయిల్ గుండెమీద చెయ్యి పడింది. కంపెనీ మనుషులు బాటన్ రూజ్‌లో దిగారు. శాసనసభ్యులు ఒకరొకరే గవర్నరు పక్షంనుంచి జారిపోయారు. మార్చి 25న ప్రతినిధుల సభలో వోటింగు యంత్రం తప్పు చూపించిందన్న గొడవతో సభ్యులు బల్లలెక్కి కొట్టుకున్నారు, నెత్తురు కారింది. తర్వాత సభ గవర్నరుమీద అభిశంసన తీర్మానాలు చేసింది. నేరారోపణల్లో హత్యకు పురికొల్పటం నుంచి ఒక విందులో నాట్యకత్తెతో వేసిన వేషాల దాకా అన్నీ ఉన్నాయి. కొన్ని నిజంగా తీవ్రమైనవే, కొన్ని ఉత్త చెత్త. కాని పీపాకు అయిదు సెంట్ల మాట ఎత్తకపోతే ఏ అభిశంసనా ఉండేది కాదని ఎవరికైనా తెలుస్తుంది.

సెనేటులో సభ్యులు 39 మంది. శిక్షించాలంటే మూడింట రెండు వంతులు, అంటే 26 వోట్లు కావాలి. పద్నాలుగు మంది చాలు అడ్డుకోవటానికి. లాంగ్ పదిహేను మందిచేత ఒక కాగితంమీద సంతకాలు పెట్టించాడు: సాక్ష్యం ఏం వచ్చినా సరే మేం శిక్షకు వోటెయ్యం, అని. విచారణ కూలిపోయింది. ఆ పదిహేను మందికీ తర్వాత పదవులూ లాభాలూ దొరికాయి. ఆపైన లాంగ్ తానే చెప్పుకునేవాడు: ఇదివరకు దయచేసి అని అడిగి పనులు చేయించేవాణ్ణి, ఇక నా దారికడ్డమైనవాళ్లను పేల్చేస్తాను అని. కేర్నార్వన్ కట్ట గుర్తున్న రాష్ట్రంలో ఆ మాటకు ఏ అర్థం వస్తుందో ఆయనకు తెలియకపోదు.

అప్పటినుంచి యంత్రం బిగిసింది. ప్రభుత్వోద్యోగుల జీతాల్లోంచి వందకి ఇంతని కోత కోసి, ఆ నగదు ఒక పెట్టెలో వేసేవారు. కోతపెట్టె అని దానికి పేరే ఉంది. ఎన్నికల ఖర్చూ కరపత్రాల ఖర్చూ ఆ పెట్టెలోంచే. పెద్ద కంపెనీల డబ్బు పుచ్చుకోనని చెప్పినవాడు గుమాస్తా జీతంలోంచి పుచ్చుకున్నాడు. 1930లో శాసనసభ రోడ్ల బాండ్లకు అడ్డుపడితే, ఆయన అమెరికా సెనేటుకు పోటీచేసి, నన్ను గెలిపిస్తే నా పథకాన్ని గెలిపించినట్టే అని ప్రజలను అడిగి గెలిచాడు. శాసనసభ దారికొచ్చింది. కాని గవర్నరు కుర్చీ వదిలితే తనకు గిట్టని ఉపగవర్నరు ఎక్కుతాడని 1932 జనవరి దాకా వాషింగ్టనులో తన స్థానం ఖాళీగా ఉంచాడు. ఆ స్థానం ఎలాగూ ఖాళీయే, పాతాయన ఉన్నప్పుడు మాత్రం నిండిందా అని హాస్యమాడాడు. తర్వాత తన చిన్ననాటి స్నేహితుడు ఆస్కార్ ఆలెన్‌ను గవర్నరు చేశాడు. ఆలెన్ సంతకం పెట్టేవాడు; ఏలింది లాంగే. 1934 ఆగస్టు నుంచి ఏడు ప్రత్యేక సమావేశాలు. ఆయన ఆ సభలో సభ్యుడైనా కాడు, అయినా గది గదికీ తిరిగి బిల్లులు చదివి దాటించేవాడు. పట్నాల పోలీసులు, అగ్నిమాపక దళాలు, వోట్ల లెక్కింపు, చివరికి బడిపంతులు ఉద్యోగం కూడా రాష్ట్ర రాజధాని చేతిలోకి పోయాయి. పంతులు గురించి ఒక్క క్షణం ఆగుతాను. ఉచిత పుస్తకం ఇచ్చిన చెయ్యే ఆ పుస్తకం చెప్పే పంతులు మెడమీద కూడా ఉంది.

పత్రికలు ఆయనకు విరోధంగా ఉండేవి. అవి చాలావరకు ధనవంతుల పత్రికలే, సానుభూతి చూపవలసిన పనిలేదు. 1934లో ఇరవై వేలకు మించి అమ్ముడుపోయే పత్రికల ప్రకటనల రాబడిమీద నూటికి రెండు చొప్పున పన్ను వేశాడు. 1936లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాని నేను ఎక్కువగా ఆలోచించేది ఒక చిన్నపత్రిక గురించి.

రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రెవెయీ అని విద్యార్థుల పత్రిక. లాంగ్‌కు ఆ విశ్వవిద్యాలయమంటే పిచ్చిప్రేమ. బ్యాండు మేళం ముందు తానే నడిచేవాడు. 1934 చివర, ఫుట్‌బాల్ ఆటలో పేరుపొందిన ఒక విద్యార్థిని వేళాకోళంగా రాష్ట్ర సెనేటరుగా నియమించాడు. ఇది శాసనసభకు అవమానమని ఒక విద్యార్థి పత్రికకు ఉత్తరం రాశాడు. లాంగ్‌కు సంగతి తెలిసి అచ్చు ఆపించాడు. విశ్వవిద్యాలయాధ్యక్షుడు ఇకమీదట ప్రతి సంచికా ముందుగా చూసి వదలటానికి ఒక మనిషిని పెట్టాడు. సంపాదకవర్గం రాజీనామా చేసింది. నిరసన కాగితంమీద సంతకం పెట్టిన ఇరవైయారుగురిని తాత్కాలికంగా పంపేశారు. క్షమాపణ చెప్పినవారిని తిరిగి తీసుకున్నారు. ఏడుగురు చెప్పలేదు. వాళ్లని వెళ్లగొట్టారు. మిసోరీ విశ్వవిద్యాలయానికి పోయి చదువు ముగించుకున్నారు.

నా సొంతమాట ఒకటి ఇక్కడ చెప్పాలి. నేను ఇదివరకు పనిచేసిన ఒక కాలేజీలో వార్షిక సంచికకు సంపాదకవర్గంలో ఉన్నాను. హాస్టలు తిండి గురించి ఒక విద్యార్థిని రాసిన వ్యాసం, అన్నీ నిజాలే, అచ్చుకు పోయే ముందు రోజు తీసేశారు. కారణం అడగనివ్వలేదు. ఆ యాజమాన్యం అంతకు ముందు ఏడే అధ్యాపకులకిచ్చిన మాట ప్రకారం జీతాలు సవరించింది. ఆ కృతజ్ఞత నా నోరు కట్టేసింది. ఆ అమ్మాయి నన్ను ఏమీ అనలేదు, ఆపైన పత్రికకు ఏమీ రాయనూ లేదు. అందుకనే ఆ ఏడుగురి సంగతి చదివినప్పుడు ఆ విశ్వవిద్యాలయాధ్యక్షుడి గదిలో నా కుర్చీ ఒకటి కనిపించింది. ఆయన పేరు జేమ్స్ మన్రో స్మిత్. 1939లో విశ్వవిద్యాలయం సొమ్ము తినేసినందుకు పట్టుబడి జైలుకు వెళ్లాడు. అదే ఏడు లాంగ్ అనుచరుడైన గవర్నరు రిచర్డ్ లెష్ కూడా రాజీనామా చేసి, తర్వాత జైలుపాలయ్యాడు.

స్టాండర్డ్ ఆయిల్ కథ ఏమయింది? 1934 డిసెంబరులో, శాసనసభ పూర్తిగా గుప్పిట్లోకి వచ్చాక, అయిదు సెంట్ల పన్ను తిరిగి వచ్చింది. కంపెనీ ఉద్యోగాలు తీసేస్తానంది, 1935 జనవరిలో ఆయుధాలు పట్టిన జనం బాటన్ రూజ్ కోర్టు ఆక్రమించారు, సైనికశాసనం పెట్టారు. ఇంత హోరాహోరీ తర్వాత జరిగిందేమిటి? కంపెనీ శుద్ధిచేసే చమురులో నూటికి ఎనభై పాళ్లు లూసియానా బావులదే అయితే అయిదింటిలో నాలుగు సెంట్లు తిరిగి ఇచ్చేస్తామని ఒప్పందం. అంటే పీపాకు ఒక సెంటు. ఇక లూసియానా బావుల చమురు ఎవరిది? 1934లో విన్ ఆర్ లూజ్ అనే పేరుతో ఒక కంపెనీ పుట్టింది. గెలుపో ఓటమో అని దాని అర్థం. ప్రభుత్వ భూముల్లో చమురు కౌళ్లు గవర్నరు ఆలెన్ ఇచ్చేవాడు. అవి ఈ కంపెనీకి చేరేవి. వాటాదార్లలో ఆలెన్ ఉన్నాడు, లాంగ్ ఉన్నాడు. చమురు గుత్తాధిపత్యంమీద యుద్ధం చేస్తానన్న మాట నిలబడింది. యుద్ధం జరిగింది కూడా. సంధిపత్రం మాత్రం రెండు చమురు కంపెనీల మధ్య రాసుకున్నట్టుంది.

1934 ఫిబ్రవరిలో ఆయన రేడియోలో సంపద పంచుకుందామన్న ఉద్యమం ప్రకటించాడు. కోటానుకోట్ల ఆస్తులకు హద్దు, ప్రతి కుటుంబానికీ అయిదు వేల డాలర్ల ఆస్తి. డెబ్భై అయిదు లక్షలమంది సభ్యులని ఆయన పక్షంవారు చెప్పుకున్నారు. ఆర్థికమాంద్యంలో మాడిపోతున్న జనానికి ఆ మాట మజ్జిగ చుక్క. ప్రెసిడెంటు రూజ్‌వెల్టు కూడా ఉలిక్కిపడ్డాడు. కాని తన గుప్పిట్లో ఉన్న రాష్ట్రంలో ఆయన ఏం పంచాడు? కనీస వేతనం శాసనం చెయ్యలేదు. వృద్ధులకు పింఛను లేదు, నిరుద్యోగులకు భృతి లేదు. బాలకార్మికుల్ని నిషేధించే రాజ్యాంగ సవరణను లూసియానా ఆమోదించలేదు. రోడ్లకు డబ్బు బాండ్లనుంచీ, పెట్రోలు పన్నునుంచీ వచ్చింది. బాండ్ల వడ్డీ తీసుకునేది బ్యాంకరు, పెట్రోలు పన్ను కట్టేది అందరూ. ఆయన వాగ్దానాల్లో ఏవి నెరవేరాయి, ఏవి నెరవేరలేదని వేరు చేసి చూస్తే ఒక గీత కనబడుతుంది. సిమెంటుతో, కాగితంతో, ఇటుకతో అయ్యేవి అయ్యాయి. కూలికీ యజమానికీ మధ్య ఉన్న లెక్క మార్చేవి కాలేదు. ఇది ఆయన ఒక్కడి స్వభావమంటే నేనొప్పుకోను. సంఘటిత కార్మికవర్గం బలహీనంగా ఉన్నచోట, ఎంత గొంతున్న నాయకుడైనా కంట్రాక్టరు చెయ్యగలిగినంతే చేస్తాడు.

ఇంతకన్న పెద్ద లోటు మరొకటుంది. 1930 జనాభా లెక్కల్లో లూసియానాలో ఇరవయ్యొక్క లక్షలమంది. వారిలో నూటికి ముప్ఫైయేడుగురు నల్లజాతివారు. ప్రతి మనిషీ రాజే అన్నప్పుడు ఆ ముప్ఫైయేడుగురూ ఆ లెక్కలో ఉన్నారా? పుస్తకాలు వారి పిల్లలకూ వచ్చాయి, రాత్రిబడులూ ఆస్పత్రీ వారికీ తెరిచే ఉన్నాయి. తెల్ల నాయకులు గొంతు చించుకుని జాతివైషమ్యం అమ్ముకునే దక్షిణాదిలో ఆయన ఆ సరుకు కొంచెం తక్కువగానే అమ్మాడు. ఇది ఒప్పుకోవాలి. కాని వోటు పన్ను రద్దయి తెల్ల బీదలు జాబితా కెక్కినప్పుడు నల్లవారు ఎక్కలేదు; వారిని ఆపటానికి గుమస్తా బల్ల, తెల్లవారి ప్రైమరీ ఎన్నిక చాలు. ఆయన వాటి జోలికి పోలేదు. 1935 జనవరిలో వాషింగ్టన్ పారిష్ జైల్లోనే ఒక నల్లజాతి యువకుణ్ణి జనం చంపారు. ఆ తర్వాత నల్లజాతివారి పత్రిక 'క్రైసిస్' తరఫున రాయ్ విల్కిన్స్ ఆయన్ని కలుసుకుని ఈ సంగతి అడిగాడు. అలాంటి పొరపాట్లు జరుగుతుంటాయి, ఏం చేస్తాం అన్నట్టు తేల్చేశాడు. కంపెనీలనూ పత్రికలనూ సెనేటర్లనూ గడగడలాడించిన మనిషి ఆ ఒక్క చోట ఏమీ చెయ్యలేనివాడయ్యాడు. వోటు లేనివాడికి మాటివ్వవలసిన అవసరం లేదు. ఇవ్వని మాట తప్పినట్టూ కాదు. వాగ్దానాల పట్టిక ముందు పెట్టుకుని పాలకుణ్ణి తూచే పద్ధతిలో ఉన్న మోసమంతా ఇక్కడుంది. పట్టికలో ఎక్కనివాళ్లు తక్కెడలోకి రారు.

మనవాళ్లు తరతరాలుగా హరిశ్చంద్ర నాటకం చూసి కళ్లు తుడుచుకున్నారు. మాట ఇచ్చినవాడు హరిశ్చంద్రుడు. అంగట్లో అమ్ముడుపోయింది చంద్రమతి, లోహితాస్యుడు. తెల్లవార్లూ పద్యాలకు వన్స్‌మోర్ కొట్టే సభలో ఆ తల్లినీ బిడ్డనూ ముందుగా అడిగారా అని ఎవరూ లేచి అడగ్గా నేను చూడలేదు.

1935 సెప్టెంబరు 8న బాటన్ రూజ్‌లో, తాను కట్టించిన ముప్ఫైనాలుగంతస్తుల శాసనసభ భవనం నడవాలో, లాంగ్‌మీద కాల్పులు జరిగాయి. కాల్చినవాడు కార్ల్ వైస్ అనే యువవైద్యుడని ప్రభుత్వం నిర్ణయించింది; అతన్ని అంగరక్షకులు అక్కడికక్కడే పదులకొద్దీ గుళ్లతో చంపేశారు. అతని మామగారు లాంగ్‌కు ప్రత్యర్థి అయిన జడ్జి. ఆయన నియోజకవర్గాన్ని చీల్చే బిల్లు ఆ సమావేశంలోనే వచ్చింది. రెండు రోజుల తర్వాత, 10వ తేదీన, లాంగ్ చనిపోయాడు. వయస్సు నలభైరెండు. ఆ భవనం ముందరి తోటలోనే సమాధి. లక్షకు పైగా జనం వచ్చారు. చాలామంది ఆయన వేయించిన రోడ్లమీదనే వచ్చి ఉంటారు. కోతపెట్టె మాత్రం ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. 1936 జనవరి ఎన్నికలో ఆయన పేరుమీద ఆయన అనుచరులే తిరుగులేని మెజారిటీతో గెలిచారు. తమ్ముడు ఎర్ల్ లాంగ్ 1960 దాకా మూడు విడతలు గవర్నరుగిరీ చేశాడు.

రాబర్ట్ పెన్ వారెన్ ఆ విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పి, ఈ కథను మనసులో పెట్టుకుని 1946లో 'ఆల్ ది కింగ్స్ మెన్' నవల రాశాడు. మంచి నవలే. కాని అందులో సమస్య ఒక మనిషి ఆత్మ ఎలా చెడిందన్నది. నాకు అంతకన్న ఆ పదిహేను సంతకాల కాగితంమీదనే దృష్టి.

మొన్న తరగతిలో ఈ సంగతులన్నీ చెప్పాను. సిలబస్‌లో లేవని ఎవరూ అనలేదు. వెనకబెంచీ కుర్రాడు చివరిదాకా విని, "అయితే 1929లో మీరక్కడ ఉంటే ఎవరి పక్షం ఉండేవారండీ?" అని అడిగాడు. లాంగ్ పక్షమేనన్నాను. స్టాండర్డ్ ఆయిల్ ఒక పక్కనుంటే ఇంకోపక్క ఎవరున్నారో చూసుకునే తీరిక ఉండదు. 1934లో? ఆ ఏడుగురు విద్యార్థుల పక్షం. "మధ్యలో ఏ రోజున అటునుంచి ఇటు వచ్చేవారండీ?" అన్నాడు. సంతకాలు పెట్టిన పదిహేను మందికి మొదటి పదవి దక్కిన రోజున రావలసిందని నా అభిప్రాయం. అప్పటికి పుస్తకాలు చేతికొచ్చాయి, రోడ్లు సగంలో ఉన్నాయి. ఆ రోజున ఎదురు తిరిగినవాణ్ణి జనం కంపెనీ మనిషనే అంటారు. ముందు బెంచీ అమ్మాయి ఒకతె అందుకు ఒప్పుకోలేదు. అంతదాకా ఆగటమే తప్పండీ, నల్లవారిని లెక్కలో వెయ్యకుండా ఆ చెట్టు కింద ఉపన్యాసం చెప్పిన రోజునే అడగవలసింది అంది. ఇద్దరూ గంట కొట్టినా వాదించుకుంటూనే వరండాలోకి నడిచారు.